ఉడుముకు అవార్డు

కంబదూరు శాఖా గ్రంథాలయంలో నేను చదవని పుస్తకాలు రెండే రకాలు. చెదలు నాకంటే ముందు చదివేసినవి కొన్ని, ఎవరో ఇంటికి తీసుకుపోయి తిరిగి ఇవ్వనివి కొన్ని. మిగిలినవన్నీ చదివాను. ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి. పొద్దున లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద నేనుంటాను. సాయంత్రం తలుపు వేసే ముందు లైబ్రరీ మేడమ్ నన్ను లేపి పంపిస్తారు. మధ్యలో ఊళ్లోవాళ్ల గుడ్డలు కుడతాను. జాకెట్టు గుడ్డ ఇచ్చి నెలయిందని ఆడవాళ్లు తిడతారు, నిజమే. కానీ గ్రహణం ఎందుకు పడుతుందో, ఆవిరి యంత్రం ఎలా నడుస్తుందో అడిగితే ఉన్నపళంగా చెప్పగలిగిన దర్జీ ఈ చుట్టుపక్కల మూడు మండలాల్లో నేనొక్కణ్ణే. అడిగినవాళ్లు ఇంతవరకు లేరు, అది వేరే సంగతి.

ఈ చదువు వల్ల నాకు జరిగిన మేలు చాలా ఉంది. జరిగిన కీడు ఒక్కటే. అది నాకు కాదు, మా బావకు జరిగింది.

మా అక్క మొగుడు బోరు మెకానిక్కు. మా వైపు బోరు లేని చేను లేదు, నీళ్లున్న బోరు మాత్రం వెతుక్కోవాలి. నీళ్లు కిందికి పోయేకొద్దీ రైతులు మోటారును కిందికి దించుతూ పోతారు. దించేటప్పుడో తీసేటప్పుడో పైపు తెగి మోటారు బోరులో పడిపోతుంది. జానెడు వెడల్పు లేని బొక్కలో, వందల అడుగుల కింద, చీకట్లో కూర్చుంటుంది. దాన్ని తీయడానికి అందరూ తాడుకు కొక్కెం కట్టి దించేవాళ్లు. తగిలితే మోటారు వస్తుంది, తగలకపోతే ఒక్కోసారి కొక్కెం కూడా అక్కడే ఉండిపోతుంది.

బావ కొక్కెం పక్కన పెట్టి సొంతంగా ఒక పనిముట్టు చేశాడు. మూరెడు ఇనుప గొట్టం. దాని లోపల లారీ కమాను స్ప్రింగు పట్టీలోంచి కోసిన మూడు నాలుకలు, కొసలు పైకి, లోపలికి వాలి ఉంటాయి. దాన్ని దించితే విరిగిన పైపు మొన నాలుకలను తోసుకుని గొట్టంలోకి దూరుతుంది. పైకి లాగితే నాలుకలు కరుచుకుంటాయి, ఇక వదలవు. జనం దాన్ని చూసి ఉడుము అని పేరు పెట్టారు.

దాన్ని బావ మొట్టమొదట నలుగురికీ చూపించింది బస్టాండు దగ్గర టీ హోటల్లో. పదిహేనేళ్ల కిందటి మాట. ఒక పెద్దాయన తన బోరులో పడిన మోటారును తీయించుకుందామని వచ్చాడు. ఉడుముకు అదే మొదటి బేరం. నేను అప్పుడు యంత్రాల మీద ఒక పుస్తకం చదువుతున్నాను. సగమైంది. పుస్తకం సగమైనప్పుడు మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. జేబులోంచి దర్జీ సుద్ద తీసి హోటలు అరుగు బండ మీద బొమ్మ గీశాను. స్ప్రింగు అంటే వంగేది, ఇంత బరువు పడితే వంగి ఊరుకుంటుంది, మోటారు బరువెంత, పైపు బరువెంత, పైపులో నిలిచిన నీళ్ల బరువెంత, సూత్రం ప్రకారం ఇది సగం దారిలో జారిపోవాలి అని చెప్పాను. పెద్దాయన ఒకే మాట అడిగాడు.

"పుస్తకంలో ఉండాదా?"

ఉందని చెప్పాను.

పెద్దాయన కల్యాణదుర్గం నుంచి కొక్కెం వాళ్లను పిలిపించుకున్నాడు. కొక్కెం కూడా బోరులోనే ఉండిపోయింది. అయినా తప్పు ఉడుముదే అన్నట్టు మాట పాకింది. పుస్తకంలోనే పనికిరాదని రాసిందంట అని కంబదూరు చుట్టుపక్కల ఒక్కరు కూడా బావను పిలవలేదు. రెండేళ్లు బావ పంక్చర్లు వేశాడు. చివరికి గుమ్మఘట్ట వైపు ఒక రైతు పిలిచాడు. వాళ్లు ఇంట్లో కన్నడం మాట్లాడే మనుషులు, నా చదువు సంగతి అంత దూరం చేరలేదు. మోటారు బయటికి వచ్చింది. అక్కడి నుంచి బావ పేరు ఊరూరూ తిరిగి, మెల్లగా మా ఊరికి కూడా వచ్చింది.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. నా పేరు మాత్రం మార్చాడు. ఆ రోజు నుంచి నన్ను 'పుస్తకం' అంటాడు. "ఏమప్పా పుస్తకం, తింటివా?" అని నవ్వుతూ అడుగుతాడు. ఆ నవ్వు చూస్తే తిన్నది అరగదు. అక్క శిక్ష వేరు. ఇంటికి పోతే సంగటి పెట్టేది, చారు పోసేది, మజ్జిగ కూడా పోసేది. ఊరుబిండి మాత్రం వేసేది కాదు. వేరుశనక్కాయలు తప్ప ఇంకేమీ పండని నేల మీద, ఆ గింజలే రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి ముద్ద పక్కన లేకుండా సంగటి తినడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనవసరం లేదు. పదిహేనేళ్లు అలాగే తిన్నాను.

పోయిన వేసవిలో ఒకరోజు పేపరు లోపలి పేజీలో ఒక ప్రకటన కనిపించింది. ఇంజనీరింగులో, సాంకేతిక శాస్త్రాల్లో గొప్ప పని చేసినవాళ్లకు దేశం మొత్తం మీద ఇచ్చే పెద్ద అవార్డు. రాజధానిలో సభ, పతకం, శాలువా. ఇంతకుముందు అందుకున్నవాళ్లంతా ఆనకట్టలు కట్టినవాళ్లు, రాకెట్లు పంపినవాళ్లు. ఎవరూ తమ పేరు తామే పంపుకోకూడదు, కానీ దేశ పౌరుడు ఎవరైనా ఇంకొకరి పేరు ప్రతిపాదించవచ్చు అని చివర రాసి ఉంది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నేను దేశ పౌరుణ్ణే, ఆధార్ కార్డు కూడా ఉంది. ఇక ఆ ఇంకొకరు ఎవరని వెతుక్కోవాల్సిన పనే లేదు.

లైబ్రరీ మేడమ్ రెండేళ్ల కిందట బదిలీ మీద వచ్చారు. రోజూ కల్యాణదుర్గం నుంచి బస్సులో వచ్చిపోతారు. ఆమె ఫోనులో దరఖాస్తు దింపి జిరాక్సు అంగట్లో ప్రింటు తీయించి ఇచ్చారు. ఇరవై నాలుగు గడులు, అంతా ఇంగ్లీషు. నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. మా లైబ్రరీ నిఘంటువుకు వెనక పేజీలు లేవు. ఎస్ అక్షరంతో ఆగిపోతుంది. ఆ తర్వాతి అక్షరాలతో మొదలయ్యే మాటలన్నిటికీ మేడమే దిక్కు.

మొదటి గడులు సులువుగానే పోయాయి. విద్యార్హత అన్నచోట, అయిదో తరగతి తప్పారు అని రాశాను. అచ్చయిన పరిశోధనలు అన్నచోట మాత్రం ఆగాను. బావ షెడ్డు ఊరి చివర ఉంది, నిలువు బండలు పాతి పైన రేకులు కప్పింది. మోటారు తీసినప్పుడల్లా ఆ బండల మీద ఉలితో ఊరి పేరు, ఎన్ని అడుగుల లోతో అంకె చెక్కుతాడు. అన్నీ అడ్డదిడ్డంగా ఉంటాయి కానీ ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. చాలాసేపు ఆలోచించి, పరిశోధనలు రాతి మీద ఉన్నాయి, వచ్చి చూడవచ్చు అని రాశాను.

పదకొండో గడి దగ్గర చిక్కొచ్చింది. పనిముట్టు పనిచేసే తీరు వివరించాలి, కొలతలతో బొమ్మ జతచేయాలి, దరఖాస్తు చివర ఆ మనిషి సంతకం కూడా ఉండాలి. కాగితాలు పట్టుకుని షెడ్డుకు పోయాను. బావ ఏదో నట్టు బిగిస్తున్నాడు. దేశం అవార్డుకు నీ పేరు పంపుతాను, ఉడుము ఎట్ల పనిచేస్తుందో చెప్పు, రాసుకుంటాను అన్నాను. ఆ మాట వినగానే నట్టు వదిలేశాడు.

"అంటే నా గుట్టు ఢిల్లీకి రాసి పంపిస్తావు."

"గుట్టు కాదు బావా, సూత్రం."

"పదైదేండ్ల కింద ఇది పనిచేయదని పుస్తకంలో ఉండాదంటివి. ఇప్పుడు ఎట్ల పనిచేస్తాదో కూడా ఆ పుస్తకంలోనే సూసుకో పో."

అక్క అప్పుడే టీ తెచ్చింది. మొగుడికి ఒక గ్లాసు ఇచ్చి, నా గ్లాసు నాకు అందకుండా దూరంగా బండ మీద పెట్టింది. "నోటితో వానికేమీ చెప్పాకు. తాడు పట్టించు. చేతులు కాలితే వానికే తెలుస్తాది" అంది.

బావకు ఆ మాట నచ్చింది. పదిహేను రోజులు వెంట వచ్చి తాడు లాగాలి, అర్థమైతే రాసుకోవచ్చు, కాకపోతే ఆ కాగితాలతో షెడ్డు వైపు మళ్లీ రాకూడదు. ఒప్పందం అది.

సూదికి అలవాటైన చేతులు తాడుకు పనికిరావని మొదటి గంటలోనే తెలిసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడు కాళ్ల ఇనుప స్టాండు, దానికి కప్పీ, కప్పీ మీదుగా తాడు, ఆ తాడుకు నలుగురం. పని మొదలుపెట్టే ముందు బావ పద్ధతులు కొన్ని ఉన్నాయి. అందరి ఫోన్లూ ఆపేయాలి. ఎవరూ మాట్లాడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బోరు యజమానిని చేను గట్టు మీద ఎక్కడో కానుగ చెట్టు కింద కూర్చోబెట్టి రావాలి. దగ్గరుంటే నిమిషానికొకసారి వచ్చిందా అని అడిగి ప్రాణం తీస్తాడు. గుమ్మఘట్ట దగ్గర ఒకాయన చెట్టు కింది నుంచే "బంతా, బంతా" అని కన్నడంలో కేకలు పెడుతుంటే, బావ తాడు వదిలేసి నడుచుకుంటూ పోయి, ఆయన్ని ఇంకో చెట్టు దూరానికి మార్చి వచ్చాడు.

తర్వాత బావ బోరు పక్కన బోర్లా పడుకుంటాడు. తాడును పళ్ల మధ్య పట్టుకుంటాడు. కింద ఇనుము ఇనుమును తాకితే చేతికంటే ముందు పంటికి తెలుస్తుంది. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. ఆయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు నేను పడుకుని చూశాను. నిజంగానే పంటికి తెలిసింది. ఆ తర్వాత మూడు రోజులు చల్లటి నీళ్లు తాగలేకపోయాను.

మధ్యాహ్నం బావ చెట్టు నీడన కునుకు తీసేటప్పుడు టేపుతో ఉడుమును కొలిచాను. చుట్టుకొలత, పొడవు, నాలుక వాలు, మెడ దగ్గర వెడల్పు. ఇంటికి వచ్చి బొమ్మ గీసి మేడమ్‌కు చూపించాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది ఎవరి చొక్కా అని అడిగారు. చూసుకుంటే నిజమే. ముందు భాగం, వెనక భాగం, చేతులు అన్నట్టుగా విడదీసి గీశాను. కుట్టుకు అర అంగుళం వదిలాను కూడా. లైబ్రరీలో ఇంజనీరింగు డ్రాయింగు పుస్తకం ఒకటుంటే దాన్ని చదివి మళ్లీ గీశాను. ఈసారి చొక్కాలా లేదు. నాలుగోసారికి ఉడుములా ఉంది.

పనిచేసే తీరు మాత్రం తొమ్మిదో రోజు గానీ నాకు అర్థం కాలేదు. ఆ రోజు మోటారు మీద బురద పేరుకుని కదలనంటోంది. నలుగురం వెనక్కి వాలి లాగుతున్నాం. ఇక జారుతుంది, వెల్లకిలా పడతాం అని నేను కళ్లు మూసుకున్నాను. ఎంత లాగితే అంత బిగుసుకుంటోంది. బరువు ఎక్కువైతే పట్టు జారుతుందని నేను పదిహేనేళ్ల కిందట బొమ్మ గీశాను. ఆ పట్టు ఇచ్చేదే బరువు. మోటారు కిందికి గుంజేకొద్దీ నాలుకలు పైపును మరింత కరుస్తాయి. స్ప్రింగు చేసే పనల్లా మొదట పైపును తాకి నిలవడమే. మిగిలిన పని మోటారే తన బరువుతో తాను చేసుకుంటుంది.

ఆ సాయంత్రం లైబ్రరీకి పోయి పాత యంత్రాల పుస్తకం తీశాను. నేను పేజీ మూల మడిచిన గుర్తు ఇంకా అలాగే ఉంది. నా తర్వాత దాన్ని ఎవరూ తెరవలేదు. మడత నుంచి రెండు పేజీలు తిప్పాను. కట్టె చీల్చేటప్పుడు పగులులో కొట్టే చీల గురించి పాఠం. బరువే పట్టుగా మారే సంగతి బొమ్మతో సహా అక్కడ ఉంది. పుస్తకంలో ఉందని నేను పెద్దాయనకు చెప్పింది అబద్ధం కాదు. ఉన్నది వేరు, నేను చెప్పింది వేరు. లైబ్రరీ మీద నాకున్న గౌరవం అలాగే ఉంది. తప్పు పుస్తకానిది కాదు, మడతది.

పదకొండో గడి నింపేశాను. తర్వాత పదిహేడో గడి, పనిముట్టు వల్ల మేలు పొందినవాళ్లు కనీసం పదిమంది సంతకాలు. మోటార్లు తీయించుకున్న పదిమందికి ఫోన్లు చేసి లైబ్రరీ అరుగు మీదికి రమ్మన్నాను. పదిమందీ వచ్చారు. అందరి చేతుల్లోనూ ఆధార్ జిరాక్సు, పొలం పాస్‌బుక్కు జిరాక్సు, బ్యాంకు పుస్తకం జిరాక్సు. ఇవేమీ అక్కర్లేదన్నాను. అక్కర్లేదనేవాళ్లే చివరికి అడుగుతారని ఒకాయన మూడింటినీ కలిపి పిన్ను కొట్టి నా ఒళ్లో పెట్టాడు.

మా వైపు ఒక మనిషి అరుగు మీద కాగితాలు పెట్టుకుని రైతుల పేర్లు రాస్తున్నాడంటే అది కరువు సాయమో పంట బీమానో అయి తీరాలి. అలాంటి లిస్టులో పేరు లేనివాడు ఏడాదంతా కుమిలిపోతాడు. మధ్యాహ్నానికి అరుగు నిండింది. బోరు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, చేనే లేనివాళ్లు. ఇది ఇంజనీరింగు అవార్డు అని నిలబడి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఈ తూరి ఆ పేరు పెట్టి ఇస్తాండారంట అని వెనకవాళ్లకు చెప్పుకున్నారు. టీ హోటలు పెద్దాయన, పాత కొక్కెం ఇంకా బోరులోనే ఉన్న ఆ పెద్దాయనే, కర్ర ఊనుకుంటూ వచ్చి, ఇది ఎకరాకా, పాస్‌బుక్కుకా అని అడిగాడు. ఉడుముతో మోటారు తీయించుకున్నవాళ్లకే అని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. వెనకాల ఉన్న ఒక రైతు మాత్రం వెంటనే బావ షెడ్డుకు పరుగెత్తాడు.

"మా మోటరు బాగనే ఉండాదన్నా. ఒక్కతూరి కిందికి వదిలి పైకి తీసియ్యి" అని అడిగాడట.

ఆ బేరం బావ ఒప్పుకోలేదు కానీ, అవార్డు మీద ఆయనకు మొదటిసారి ఆసక్తి పుట్టింది ఆ రోజే.

కాగితాలు ఎవరికి తిరిగి ఇవ్వబోయినా తీసుకోలేదు. తీసుకుంటే లిస్టులోంచి పేరు పోయినట్టే కదా. అన్నిటినీ దరఖాస్తుతో కలిపి కట్టాను. మూట దిండంత అయింది.

ఇక మిగిలింది పందొమ్మిదో గడి. మొదటి రోజే దాన్ని చదివాను, అర్థం కూడా అయింది, చూడనట్టు దాటిపోయాను. ఈ పనిని ఎవరైనా తప్పుపట్టారా, పడితే ఎవరు, ఏమన్నారు, ఇప్పటి పరిస్థితి ఏమిటి అని అందులో అడిగారు. మేడమ్ మొత్తం సరిచూసి, ఒక్క గడి ఖాళీ ఉన్నా పక్కన పడేస్తారని నియమాల్లో ఉంది, ఇది నింపండి అన్నారు. ఎవరూ తప్పుపట్టలేదని రాస్తే సరిపోతుందా అని అడిగాను.

"ఎవరూ పట్టలేదా?" అన్నారు ఆమె. కొత్తగా వచ్చిన మనిషి, తెలియక మామూలుగానే అడిగారు.

మూడు రోజులు ఆ గడి నా కళ్ల ముందే తిరిగింది. ఒకరి చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాను. చివరికి ఒక తెల్లకాగితం తీసుకుని తెలుగులో రాశాను.

"పట్టారు. ఒక దర్జీ పట్టాడు. కంబదూరు బస్టాండు టీ హోటల్లో నలుగురి ముందు బొమ్మ గీసి, ఇది జారిపోతుందని చెప్పాడు. అప్పటికి అతను యంత్రాల పుస్తకం సగమే చదివాడు. అతను చెప్పింది తప్పని మిగతా సగంలో ఉంది. అతని మాట వల్ల ఈ పనిముట్టు చేసిన మనిషి రెండేళ్లు పంక్చర్లు వేసుకుని బతికాడు. ఆ దర్జీ ఈ మధ్య పదిహేను రోజులు ఇదే పనిముట్టుకు కట్టిన తాడు లాగాడు. ఒక్కసారి కూడా జారలేదు. ఇప్పటి పరిస్థితి: ఈ దరఖాస్తు రాస్తున్నది ఆ దర్జీయే."

మేడమ్ దాన్ని చదివి, పక్కన కూర్చుని ఇంగ్లీషులోకి మార్చారు.

సంతకం కోసం బావ ఇంటికి పోయాను. మర్నాడు తపాలాకు చివరి రోజు. బావ మంచం మీద, అక్క గడప దగ్గర కూర్చున్నారు. మొదటి నుంచి తెలుగులో చదివి వినిపించాను. అయిదో తరగతి తప్పారు అన్నచోట, అది కూడా రాస్తివా అని గొణిగాడు. రాతి మీద పరిశోధనలు అన్నప్పుడు నవ్వాడు. పదకొండో గడి మొత్తం కళ్లు మూసుకుని విన్నాడు, మధ్యలో ఒక కొలత సరిదిద్దాడు. పందొమ్మిదోది గొంతు చిన్నది చేసి చదివాను.

"ఇంకోతూరి చదువు" అన్నాడు బావ.

చదివాను.

"ఇది ఈడ చదివేది కాదప్పా. యాడ అంటివో ఆడ చదువు. ఆపైన సంతకం పెడ్తా."

రాత్రంతా కాగితం చొక్కా జేబులోనే పెట్టుకుని పడుకున్నాను. పొద్దున టీ హోటలు నిండా జనం. పదిహేనేళ్ల కిందట నేను సుద్దతో గీసిన అరుగు బండ అలాగే ఉంది, దాని మీద ఎవరో ఉగ్గాని పొట్లం విప్పుకుని తింటున్నారు. పెద్దాయన తన మామూలు చోట కూర్చుని ఉన్నాడు. బావ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను కాగితం తీశాను. లిస్టు చదువుతున్నాననుకుని అందరూ మాటలు ఆపేశారు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాను. ఈసారి గొంతు చిన్నది చేయలేదు.

చదవడం అయ్యాక పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "పుస్తకంలో ఉండాదని నాకు చెప్తివి కదరా."

"సగమే చదివింటి పెద్దాయనా."

"మిగతా సగం యాల చదవలేదు?"

లైబ్రరీ పుస్తకం గడువైపోయిందని చెప్పవచ్చు, కానీ అది నిజం కాదు. నాకు తెలిసిపోయిందనుకుని ఆపేశాను. ఆ మాటే చెప్పాను. పెద్దాయన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అది సరేలే. లిస్టులో మా పేరు ఉండాదా లేదా?"

హోటలంతా ఆ మాటకు తల ఊపింది. అందరి అనుమానమూ అదే. బావ నవ్వాపుకోలేక స్తంభం పట్టుకున్నాడు. తర్వాత గ్రీజు చేతిని పంచెకు తుడుచుకుని, నా దగ్గర పెన్ను తీసుకుని, ఒక్కొక్క అక్షరం చెక్కినట్టు సంతకం పెట్టాడు. పెద్దాయన వైపు తిరిగి, "రేపు పొద్దున మీ చేనికాడికి వస్తాం పెద్దాయనా. ఆ కొక్కెమన్నా తీసిస్తాం. నేను, మా బామ్మర్ది" అన్నాడు.

బామ్మర్ది అనే మాట పదిహేనేళ్ల తర్వాత విన్నాను. మూట పట్టుకుని తపాలా ఆఫీసుకు పోయాను. కౌంటరులో ఆయన దాన్ని తూకం వేసి, లోపల ఏముందని అడిగాడు. ఉడుము అని చెప్పబోయి ఆగాను.

ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో సంగటి తిన్నాను. ముద్ద పక్కన ఊరుబిండి ఉంది. దాని గురించి నేను ఏమీ అనలేదు. అంటే తీసేస్తుందేమోనని భయం.

మర్నాడు పెద్దాయనను ఆయన చేనిగట్టు మీదే చెట్టు కింద కూర్చోబెట్టి ఉడుమును దించాం. కొక్కెం వచ్చింది. మోటారు రాలేదు, బురదలో పూర్తిగా కూరుకుపోయింది. పెద్దాయన తుప్పుపట్టిన కొక్కేన్ని పసిబిడ్డలా చేతుల్లోకి తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలి అని అడిగాడు.

కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి లావుపాటి కవరొచ్చింది. ప్రతిపాదన అందింది, పరిశీలించారు, ఈసారి వేరేవాళ్లను ఎంపిక చేశారు, శ్రమకు కృతజ్ఞతలు. దరఖాస్తుకు సంబంధం లేని పొలం పత్రాలను మాత్రం తిప్పి పంపిస్తున్నారు. దిండంత మూట అలాగే వచ్చింది. ఎవరివి వాళ్లకు పంచేసరికి నా పని అయిపోయింది. ఢిల్లీ దాకా పోయి వాపసొచ్చిందంటే రాసినవానికి రాయడం చేతకాలేదని ఊరంతా తేల్చేసింది. మోటారు బాగున్న రైతు, తన మోటారు ఒక్కసారి కిందికి వదిలి ఉంటే కథ వేరేగా ఉండేదని ఇప్పటికీ అంటాడు.

అవార్డు రానందుకు బావ బాధపడలేదు. నేను తెలుగులో రాసిన పందొమ్మిదో గడి కాగితం అడిగి తీసుకుని, జిరాక్సు అంగట్లో లామినేషన్ చేయించి, షెడ్డులో ఊర్ల పేర్లు చెక్కిన బండ మీద వేలాడదీశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొత్త ఊరికి పోయేటప్పుడు దాన్ని కూడా సామాన్లతో పాటు వెంట తెస్తాడు. అక్కడ ఎవరైనా ఉడుమును చూసి, ఇది అంత బరువు ఆపుతుందా అని అనుమానపడితే, బావ జవాబు చెప్పడు. ట్రాలీ ఆటోలోంచి ఆ అట్ట తీసి నా చేతిలో పెడతాడు.

"మా బామ్మర్ది లైబ్రరీ అంతా చదివినాడు. ఆయప్ప చదివి చెప్తాడు, వినండి" అంటాడు.

నేను నిలబడి చదువుతాను. ఇప్పటికి నాలుగు మండలాల్లో చదివాను, మొన్న సోమందేపల్లె దాటి కూడా చదివాను. చదవడం అయ్యాక యజమానిని చెట్టు కింద కూర్చోబెట్టి వచ్చి, తాడు పట్టుకుంటాను.